జీతం పడిందేటి?

మందుల కంపెనీ కుంగిపోతోందని ముందు తెలిసేది కింద పనిచేసేవాళ్లకు. ఆఖరున ఒప్పుకునేది పైన కూర్చున్నవాళ్లు. ఈ రెంటి మధ్య గడిచిపోయే ఏళ్లకు మూల్యం ఎవరు కడుతున్నారు? బాలానగర్ ఐడీపీఎల్ నుంచి అమెరికా థెరనోస్ దాకా తరచి చూస్తే శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి పిల్లలు తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

కోటబొమ్మాళి చుట్టుపక్కల డిగ్రీలో కెమిస్ట్రీయో మైక్రోబయాలజీయో చదివిన పిల్లలు ఉద్యోగానికి ఎక్కడికి పోతారంటే నాలుగైదు పేర్లే వినపడతాయి. పైడిభీమవరం, పరవాడ, అచ్యుతాపురం, జీడిమెట్ల, జీనోమ్ వ్యాలీ. హైవే మీద బస్సెక్కి రణస్థలంలో దిగి, నలుగురు కలిసి ఒక గది తీసుకుని షిఫ్టులకు వెళ్లేవాళ్లు కొందరు. ఆముదాలవలసలో రైలెక్కి సికింద్రాబాద్ చేరేవాళ్లు కొందరు. ఇంకా పైచదువులు చదివి బోస్టన్‌కో న్యూజెర్సీకో వెళ్లినవాళ్లూ ఉన్నారు. కొత్తమ్మ తల్లి జాతరకు వీలైనవాళ్లంతా ఇల్లు చేరతారు. అప్పుడు తోటివాళ్లు అడిగే కుశల ప్రశ్నల్లో ఒకటి అడిగినవాడికీ, చెప్పాల్సినవాడికీ కూడా బరువుగానే ఉంటుంది. "ఏరా, జీతం పడిందేటి?"

జీతం ఒకటో తారీఖు నుంచి ఏడుకు జరిగి, ఏడు నుంచి ఇరవైకి జరిగి, ఆ తర్వాత రెండు నెలలకోసారి అయిందంటే ఆ కంపెనీలో తప్పు అంతకు చాలా ముందే జరిగిపోయిందని అర్థం. ఆ తప్పు ప్రొడక్షన్ బ్లాకులో రియాక్టర్ దగ్గర నిలబడ్డ కుర్రాడిది కాదు. క్యూసీ ల్యాబులో శాంపిల్ పరీక్షిస్తున్న అమ్మాయిదీ కాదు. ఏ మందు చేయాలి, ఎంత అప్పు తేవాలి, ఎవరిని పైన కూర్చోబెట్టాలి, ఫలితం తేడాగా వస్తే బయటికి చెప్పాలా లోపల తొక్కిపెట్టాలా అని నిర్ణయించినవాళ్లది. వాళ్లలో చాలామంది ఆఖరి రోజు వచ్చేసరికి అక్కడ ఉండరు. ఉండేది ఆ కుర్రాడూ, ఆ అమ్మాయీ, వాళ్ల చదువు కోసం అప్పు చేసిన ఇంటివాళ్లూ.

తెలుగు నేల మీద ఈ కథకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం హైదరాబాద్ నగరంలోనే ఉంది.

పదిమందిని పెంచి, తాను కూలిన సంస్థ

ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్. జనం నోట ఐడీపీఎల్. 1961 ఏప్రిల్ 5న కేంద్ర ప్రభుత్వ సంస్థగా పుట్టింది. సోవియట్ యూనియన్ సాంకేతిక సాయంతో మూడు ప్లాంట్లు వచ్చాయి. రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్. రిషికేశ్‌లో పెద్ద ట్యాంకుల్లో సూక్ష్మజీవులను పెంచి పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ లాంటివి తీసేవారు. ఇవాళ బయోటెక్నాలజీ అని మనం పిలుస్తున్న పనిని ఈ దేశంలో అంత భారీగా తలపెట్టిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. బాలానగర్‌లో నొప్పి మందులు, సల్ఫా మందులు, విటమిన్లు తయారయ్యేవి. మందు ముడిసరుకు కోసం విదేశీ కంపెనీల మొహం చూడాల్సిన కాలమది.

ఐడీపీఎల్ చేసిన పని చిన్నది కాదు. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఊరూరా పంచిన మాలా-డి, మాలా-ఎన్ మాత్రలు ఈ సంస్థ చేసినవే. మలేరియాకు క్లోరోక్విన్, విరేచనాలతో నీరసించిన పసిపిల్లలకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచి వెళ్లాయి. అంతకన్నా పెద్దది మనుషుల్ని తయారుచేయడం. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేసిన కల్లం అంజిరెడ్డి 1969లో బాలానగర్ ప్లాంటులో చేరారు. కొన్నేళ్లకు బయటికి వచ్చి 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపనలో ముందు నిలిచారు. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చినవాళ్లు కలిసి హైదరాబాద్‌ను బల్క్ డ్రగ్స్ రాజధానిని చేశారు. ఆ కంపెనీలే తర్వాత తీరం వెంట ప్లాంట్లు పెట్టాయి. పైడిభీమవరంలో ఇవాళ నైట్ షిఫ్టు చేస్తున్న శ్రీకాకుళం కుర్రాడి ఉద్యోగానికి మూలం ఎక్కడుందని వెతికితే, దారి బాలానగర్‌లోనే తేలుతుంది.

అలాంటి సంస్థ ఎందుకు కూలింది?

కార్మికులు ఎక్కువయ్యారని, పని చేయలేదని చెప్పే జవాబు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సిబ్బంది అవసరానికి మించి ఉన్నమాట నిజమే. కానీ ఆ నియామకాలు చేసింది కార్మికులు కాదు. మద్రాసు ప్లాంటునే చూడండి. సోవియట్ నమూనాల ప్రకారం చేసిన కత్తులు, కత్తెరలు మన సర్జన్ల చేతికి అలవాటైనవి కావు. మార్కెట్ ఎంతుందో సరిగా లెక్కగట్టకుండానే అంత పెద్ద ప్లాంటు కట్టారు. పరికరాలు అమ్ముడుపోక పేరుకుపోతే, వాటిని నున్నగా సానబట్టిన కార్మికుడు దానికి ఏం జవాబు చెప్పగలడు? రిషికేశ్‌లో సోవియట్లు ఇచ్చిన పద్ధతిలో దిగుబడి తక్కువ. ప్రపంచంలో మిగతా కంపెనీలు ఎక్కువ మందునిచ్చే సూక్ష్మజీవులకు మారిపోతుంటే ఇక్కడ ఆధునికీకరణ ఫైళ్లు ఢిల్లీకీ ప్లాంటుకీ మధ్య తిరిగాయి.

1970ల రెండో సగంలో కొన్నేళ్లు లాభాలు కళ్లజూసిన సంస్థ 1979 తర్వాత మళ్లీ నష్టాల్లోకి జారింది. 1975లో హాథీ కమిటీ మందుల తయారీలో ప్రభుత్వ రంగానిదే ముందు నడక కావాలంది. 1978 ఔషధ విధానం కొన్ని మందుల తయారీని ప్రభుత్వ సంస్థలకే కేటాయించింది. 1979లో ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. పేదవాడికి మందు చౌకగా దొరకాలంటే ధరల మీద అదుపు ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సంస్థకు యజమాని ప్రభుత్వమే, మందు ధర కట్టేదీ ప్రభుత్వమే, కొనుగోలుదారుల్లో పెద్దదీ ప్రభుత్వమే అయినప్పుడు ఆ చవక ధర భారం ఎవరు మోయాలో ముందే తేల్చుకోవాలి. తేల్చలేదు. బడ్జెట్‌లో పెట్టాల్సిన ఖర్చును కంపెనీ నష్టాల ఖాతాలో రాస్తూ పోయారు. ఆనక ఆ నష్టం చూపించి కంపెనీ పనికిరానిదన్నారు.

1992 ఆగస్టులో పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ బోర్డు ఐడీపీఎల్‌ను ఖాయిలా సంస్థగా ప్రకటించింది. 1994లో పునరుద్ధరణ ప్యాకేజీ ఒకటి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే సూరత్‌లో ప్లేగు భయం పుట్టింది. నగరం నుంచి లక్షలాది జనం పారిపోతున్న ఆ రోజుల్లో దేశానికి కావాల్సిన మందు టెట్రాసైక్లిన్. దాన్ని చేసి పంపిన సంస్థల్లో ఐడీపీఎల్ ఉంది. కాగితాల మీద ఖాయిలా పడ్డ కంపెనీ కార్మికులు దేశానికి ఆపద వచ్చినప్పుడు మందు చేసి ఇచ్చారు. 1978 విధానం ప్రభుత్వ రంగానికి ఇచ్చిన ఆ కేటాయింపులను కూడా తర్వాత ఎత్తేశారు. 1996లో ప్రధాన ప్లాంట్లలో ఉత్పత్తి ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగిన దాని మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ. సంస్థను మూయలేదు, నడపనూ లేదు. 2003 డిసెంబరులో మూసివేతకు బోర్డు సిఫారసు చేసింది. అది కోర్టులో చిక్కుకుంది. మళ్లీ పునరుద్ధరణ మాట వచ్చింది, కమిటీలు వచ్చాయి. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆఖరికి 2016 డిసెంబరు 28న కేంద్ర మంత్రివర్గం ఐడీపీఎల్‌ను మూసేయాలని నిర్ణయించింది. ఖాయిలా ప్రకటనకూ మూసివేత నిర్ణయానికీ మధ్య 24 ఏళ్లు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో "ఇదిగో బాగుపడుతుంది" అన్న మాట నమ్మి ఉండిపోయిన ఉద్యోగి యాభై రెండేళ్లవాడయ్యాడు. యంత్రం తిరగని ప్లాంటుకు రోజూ వెళ్లి హాజరు వేసుకుని తిరిగి రావడం పనిమంతుడికి ఎంత అవమానమో బయటివాళ్లకు తెలియదు. ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తున్నారు కదా అంటారు. చేతిలో పనితనం ఉన్నవాడికి ఆ మాట తగిలినంత గట్టిగా మరేదీ తగలదు.

ఆ జీతమైనా సవ్యంగా లేదు. 1992 నుంచి రావాల్సిన వేతన సవరణ కోసం ఐడీపీఎల్ అధికారులు, సూపర్‌వైజర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2003లో కోర్టు వాళ్లకు కాదని చెప్పింది. యాజమాన్యానికి చెల్లించే స్తోమత ఉందా లేదా అన్నది ముఖ్యమని, నష్టాల్లో మునిగిన సంస్థ ఉద్యోగులు సవరణను హక్కుగా అడగలేరని తేల్చింది. న్యాయపరంగా ఆ తీర్పుకు కారణాలు ఉండొచ్చు. కానీ ఆ స్తోమత లేకుండా పోవడానికి కారకులెవరన్న ప్రశ్న ఆ కేసులో విచారణకు వచ్చేది కాదు. ఏ వేదిక మీదా రాలేదు. అక్కడ పదవుల్లో కూర్చుని వెళ్లినవాళ్లెవరూ ఆ నష్టానికి బాధ్యులుగా నిలబడలేదు. ఐడీపీఎల్ పేరు ఇప్పుడు ఒక చౌరస్తాకు, ఒక కాలనీకి మిగిలింది. పత్రికల్లో కనపడితే భూముల తగాదాల వార్తల్లోనే కనపడుతోంది.

తాళం వేసిన టీకాలు

ఐడీపీఎల్ ఒక్కటే అయితే ఏదో గ్రహచారమనుకోవచ్చు. కానీ అది ఒక్కటే కాదు. 2008 జనవరిలో కేంద్ర ప్రభుత్వం తన సొంత టీకా సంస్థలు మూడింటి లైసెన్సులను ఒకేసారి నిలిపేసింది. హిమాచల్‌లోని కసౌలీ సంస్థ, నీలగిరుల్లోని కూనూర్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై గిండీలోని బీసీజీ ల్యాబొరేటరీ. తయారీ ప్రమాణాలు అందుకోలేదన్నది కారణం. ప్రమాణాలు అందుకోని మాట వాస్తవమే. మరి దశాబ్దాల తరబడి ఆ భవనాలకు, యంత్రాలకు డబ్బివ్వాల్సిన యజమాని ఎవరు? ఆ ప్రభుత్వమే. దేశంలో పిల్లలకు వేసే సార్వత్రిక టీకాల్లో పెద్ద భాగం ఆ మూడు చోట్ల నుంచే వచ్చేది. తాళం పడ్డాక టీకాలకు కొరత వచ్చింది, ప్రైవేటు కొనుగోళ్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. విమర్శలు, విచారణలు, కోర్టు వ్యాజ్యం తర్వాత 2010లో ఆ సస్పెన్షన్ ఎత్తేశారు. ఆ రెండేళ్లూ అక్కడి శాస్త్రవేత్తలు, టెక్నీషియన్లు టీకా చేసే విద్య చేతిలో ఉండి చేతులు కట్టుకుని కూర్చున్నారు.

చెప్పినవాళ్ల వెంటే లాయర్లు

ఇది సర్కారు కంపెనీల జబ్బు, ప్రైవేటులో ఇలా ఉండదనేవాళ్లు థెరనోస్ గురించి చదవాలి.

ఎలిజబెత్ హోమ్స్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి 2003లో స్టాన్‌ఫర్డ్ చదువు వదిలి ఈ కంపెనీ పెట్టింది. వేలికొన నుంచి తీసిన రక్తపు బొట్టుతో వందల పరీక్షలు చేస్తామంది. 2014 నాటికి కంపెనీ విలువ 900 కోట్ల డాలర్లన్నారు. బోర్డులో హెన్రీ కిసింజర్, జార్జ్ షుల్జ్ లాంటి మాజీ విదేశాంగ మంత్రులు కూర్చున్నారు. రక్తపరీక్షల శాస్త్రం తెలిసినవాళ్లను ఆ బోర్డులో వెతుక్కోవాలి. యంత్రం పనిచేయడం లేదని ముందు గ్రహించింది ల్యాబులోని చిన్న ఉద్యోగులు. ఎరికా చెంగ్ కాలేజీ నుంచి అప్పుడే బయటికి వచ్చిన అమ్మాయి. నాణ్యతా పరీక్షల్లో యంత్రం తప్పుతుంటే, తేడాగా వచ్చిన అంకెలను తీసేసి మిగతావి సరిపోయాయని చూపించడం ఆమె కళ్లారా చూసింది. ఆమెతోపాటు పనిచేసిన టైలర్ షుల్జ్ బోర్డు సభ్యుడు జార్జ్ షుల్జ్‌కు స్వయానా మనవడు. అతను హోమ్స్‌కు నేరుగా రాశాడు. జవాబు ఆమె నుంచి కాదు, కంపెనీలో రెండో స్థానంలో ఉన్న సన్నీ బల్వానీ నుంచి, అదీ అవమానిస్తూ వచ్చింది. 2014లో ఇద్దరూ ఉద్యోగం వదిలారు. తాత మనవడి మాట కన్నా కంపెనీ మాటే నమ్మాడు. లాయర్లు మనవడి వెంటపడ్డారు. ఆ న్యాయ ఖర్చులకు అతని తల్లిదండ్రులు నాలుగు లక్షల డాలర్ల పైనే పెట్టాల్సి వచ్చింది.

2015లో ఎరికా చెంగ్ ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఉత్తరం రాసింది. ఆ అక్టోబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో జాన్ కారీరూ కథనం వచ్చింది. 2018లో కంపెనీ మూతపడింది. 2022లో హోమ్స్‌కు పదకొండేళ్ల పైచిలుకు, బల్వానీకి దాదాపు పదమూడేళ్ల జైలు శిక్ష పడ్డాయి. అమెరికాలో కనీసం శిక్ష పడిందనుకోవచ్చు. కానీ ఆ ల్యాబులో చిత్తశుద్ధితో పనిచేసిన వందల మంది తర్వాత ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడు ఆ కంపెనీ పేరు బయోడేటాలో రాయాలా వద్దా అన్న సందిగ్ధంలో పడ్డారు.

జన్యు పరీక్షల కంపెనీ ట్వంటీత్రీ అండ్ మీ సంగతి నిన్నమొన్నటిది. 2024 సెప్టెంబరులో బోర్డులోని ఏడుగురు స్వతంత్ర డైరెక్టర్లు ఒకేసారి రాజీనామా చేశారు, కంపెనీ ఎటు పోవాలో అధినేతతో పొసగక. రెండు నెలలకు ఉద్యోగుల్లో 40 శాతం మందిని తీసేశారు. 2025 మార్చిలో దివాలా. డైరెక్టర్లు రాజీనామా ఉత్తరం రాసి వెళ్లిపోగలిగారు. హెచ్-1బీ వీసా మీద ఉన్న తెలుగు పిల్లవాడికి అలాంటి రోజు వస్తే ఆ దేశంలో ఉండి మరో ఉద్యోగం చూసుకోవడానికి గడువు 60 రోజులు.

తప్పు ఒప్పుకుంటే నిలుస్తుంది

కంపెనీకి కష్టం రావడమే నేరమని నేను అనడం లేదు. మందుల పరిశోధనలో ఓటమి సహజం. పదేళ్లు శ్రమపడ్డ మందు ఆఖరి ప్రయోగంలో పనిచేయకపోవచ్చు. అది ఎవరి చేతకానితనమూ కాదు. కష్టం వచ్చినప్పుడు పైవాళ్లు ఏం చేశారన్నదే లెక్క.

మన హైదరాబాద్ కంపెనీనే ఉదాహరణగా చెప్పుకోవచ్చు. వరప్రసాద్ రెడ్డి 1993లో మొదలుపెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. దిగుమతి టీకా వందల రూపాయలున్న రోజుల్లో సామాన్యుడికి అందే ధరకు ఇచ్చింది. 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ. శాన్-5 టీకా సీసాల్లో తెల్లటి మడ్డి కనపడటంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆమోద జాబితా నుంచి దాన్ని తీసేసింది. ఐక్యరాజ్యసమితి సంస్థలకు సరఫరా ఆగింది. చిన్న గుండె ఉన్న యాజమాన్యమైతే అక్కడే చేతులెత్తేసేది, లేదా క్వాలిటీ విభాగంలో ఇద్దరు ముగ్గురిని బలిపెట్టి సర్దుకునేది. ఇక్కడ సరుకు వెనక్కి తీసుకున్నారు, తయారీ పద్ధతిని మళ్లీ కట్టుకొచ్చారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం తిరిగి దక్కింది. ఆ నాలుగేళ్లు తట్టుకునే డబ్బు సనోఫీకి ఉంది నిజమే. డబ్బుతోపాటు లోపాన్ని లోపమని ఒప్పుకునే యాజమాన్యం కూడా కావాలి. రెండోది లేకపోతే మొదటిది ఎంతున్నా చాలదని థెరనోస్ చూపించింది.

లోపల ఉన్నవాళ్లకు కనపడేవి

కుంగే కంపెనీలో ఏం జరుగుతుందో ఫార్మా ప్లాంటులో పనిచేసిన ఎవర్నడిగినా పూసగుచ్చినట్లు చెబుతారు. ముడిసరుకు సప్లయర్ డబ్బు చేతిలో పడితే గానీ లోడు దించడు. క్యాంటీన్ కాంట్రాక్టరు మారతాడు, తర్వాత కూర నీళ్లవుతుంది. పరికరాల కాలిబ్రేషన్ గడువు దాటినా ఎవరూ పట్టించుకోరు. క్వాలిటీ హెడ్, ఫైనాన్స్ హెడ్ ఏడాది తిరక్కుండా మారుతుంటారు. వచ్చిన ప్రతి కొత్త అధికారీ కొత్త ప్లాను, కొత్త స్లైడ్లు తెస్తాడు. పాత ప్లాను ఏమైందని అడిగినవాడు వ్యతిరేకి అవుతాడు. పద్ధతి తప్పిందని డీవియేషన్ రాస్తే "ఇదెందుకు రాశావు" అని పిలిచి అడుగుతారు. ఆడిట్‌కు ముందురోజు రాత్రి బ్యాచ్ రికార్డులు "సరిచేయమంటారు".

ఈ చివరిది అన్నిటికన్నా ప్రమాదకరం. సంతకం కింది ఉద్యోగిది. రేపు తనిఖీలో పట్టుబడితే నోటీసు అందుకునేది ఆ సంతకందారుడే. నోటిమాటతో చేయించినవాడి పేరు ఎక్కడా ఉండదు. శ్రీకాకుళం నుంచి వెళ్లి మొదటి ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ల పిల్లవాడికి కాదనే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? గది అద్దె కట్టాలి, చదువు అప్పు వాయిదా కట్టాలి, ఇంటికి పంపాలి. అతని మౌనాన్ని సమ్మతి అనుకోవడం అన్యాయం.

ఇంకో అన్యాయం ఉంది. ఇలాంటి కంపెనీ నుంచి బాగా పనిచేసేవాళ్లు ముందు వెళ్లిపోతారు, బయట గిరాకీ ఉంటుంది కనుక. వాళ్ల పని మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. ఇద్దరి పని ఒకరు, ఆలస్యమయ్యే జీతానికి. ఏ కంపెనీలోనైనా నష్టం వచ్చిన ఏడాది ముందు ఎవరి ఖర్చు తగ్గించారో చూస్తే ఆ యాజమాన్యం మనసు తెలిసిపోతుంది. పైవాళ్ల కార్లు, ప్రయాణాలు, భత్యాలు ముందు తగ్గితే ఉద్యోగులు కష్టంలో కలిసి నిలబడతారు. కింది షిఫ్టులో ఓవర్‌టైమ్ ముందు కోస్తే ఎవరూ నిలబడరు, నిలబడక్కర్లేదు.

చట్టంలో ఉన్నది, లేనిది

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. వేతనాల స్మృతి ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా, కంపెనీ మూతపడినా రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఇంతకుముందు వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయల లోపు వాళ్లకే వర్తించేది. ఇప్పుడా పరిమితి లేదు. ల్యాబులో సైంటిస్టుకు కూడా వర్తిస్తుంది. బకాయి కోసం మూడేళ్లలోపు దావా వేసుకోవచ్చు. ఇవి మంచివే. మరోవైపు పారిశ్రామిక సంబంధాల స్మృతి కంపెనీ మూతకు, ఉద్యోగుల తొలగింపుకు (రిట్రెంచ్‌మెంట్) ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన హద్దును వంద మంది కార్మికుల నుంచి మూడు వందలకు పెంచింది. మన వైపు చిన్న, మధ్యతరహా ప్లాంట్లు చాలావరకు ఆ హద్దుకు దిగువే ఉంటాయి. ఇది కార్మికుడికి నష్టం.

కాబట్టి ఎవరి జాగ్రత్తలో వాళ్లుండాలి. ప్రావిడెంట్ ఫండ్ సొమ్మును కంపెనీ ప్రతి నెలా పదిహేనో తేదీలోగా జమచేయాలి. జీతంలో కోసి అక్కడ జమచేయకపోతే అది మొదటి గట్టి హెచ్చరిక. ఫోన్లో యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా చూసుకోండి. చేరబోయే కంపెనీ వార్షిక లెక్కలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయల ఫీజుకు ఎవరైనా చూడొచ్చు. ఆడిటర్ నివేదికలో కంపెనీ ఇలాగే నడవగలదా అన్న అనుమానం రాసి ఉంటే ఆ పేజీ రెండుసార్లు చదవండి. లెక్కలు అర్థం కాకపోతే కామర్స్ చదివిన స్నేహితుణ్ని అడగండి. తప్పుడు రికార్డు రాయమంటే "సార్, మెయిల్‌లో పంపండి, చేస్తాను" అనండి. మెయిల్ రాదు.

కంపెనీ దివాలా తీస్తే? 2016 దివాలా స్మృతిలో కార్మికులకు కొంత రక్షణ ఉంది. కంపెనీని అమ్మి పంచేటప్పుడు కార్మికుల 24 నెలల బకాయిలు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా వస్తాయి. కార్మికులు కాని ఉద్యోగులకు 12 నెలల వరకే, అదీ ఆ తర్వాతి వరసలో. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము ఆ పంపకంలో కలవదు. అయితే కంపెనీని ఏం చేయాలో నిర్ణయించే రుణదాతల కమిటీలో ఓటు బ్యాంకులదే. పదేళ్లు పనిచేసిన మనిషికి ఓటు లేదు.

అసలు ఆ గడప తొక్కడమే కష్టం. జీతం ఎగ్గొట్టిన కంపెనీ మీద ఉద్యోగి దివాలా దరఖాస్తు వేయాలంటే మొదట్లో బకాయి కనీసం లక్ష రూపాయలుంటే సరిపోయేది. కొవిడ్ వేళ, 2020 మార్చి 24న, కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి దాన్ని కోటి రూపాయలు చేసింది. చిన్న పరిశ్రమలను కాపాడటానికన్నారు. కొవిడ్ పోయింది, కోటి మిగిలింది. నెలకు పాతిక వేలు తెచ్చుకునే కెమిస్టుకు కోటి రూపాయల జీతం బకాయి పడాలంటే 33 ఏళ్లకు పైగా జీతం లేకుండా పనిచేయాలి. కార్మిక సంఘం అందరి తరఫున దరఖాస్తు వేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు ఒక జూట్ మిల్లు కేసులో చెప్పింది. మన ఫార్మా ప్లాంట్లలో సంఘాలు ఎన్ని ఉన్నాయో పైడిభీమవరంలో పనిచేసే ఎవర్నైనా అడగండి.

దివాలా ట్రిబ్యునల్ జీతాలు వసూలు చేసే చోటు కాదని కొందరు వాదిస్తారు. కావచ్చు. కానీ ఆ దరఖాస్తు భయం యాజమాన్యానికి ఉన్నప్పుడే జీతాల మాట బోర్డు గదిలో వినపడుతుంది. ఆ పరిమితిని తగ్గించడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. నోటిఫికేషన్‌తో పెంచినదాన్ని నోటిఫికేషన్‌తో దించవచ్చు. కోటబొమ్మాళి మండలం నిమ్మాడ నుంచి కేంద్రంలో కింజరాపు రామ్మోహన్ నాయుడు మంత్రిగా ఉన్నారు. రాష్ట్రంలో 2014 తర్వాత కార్మిక శాఖ చూసిన అచ్చెన్నాయుడు ఇప్పుడూ మంత్రే, ఆయనదీ ఆ ఊరే. జీతం రాని పిల్లలున్న ప్రతి ఇంటి తరఫునా అడుగుతున్నాను. ఆ కోటిని మళ్లీ లక్షకు దించమని ఇద్దరూ ఢిల్లీలో గట్టిగా చెప్పండి.